సిగ్నల్ పడని బండి

మా ఆయన జన్మలో ఎర్ర సిగ్నల్ దాటి ఎరగరు. ఈ మాట ఆయన చెప్పుకుంటే గొప్ప, నేను చెబితే ఫిర్యాదు. రాయ్‌పూర్‌లో గూడ్సు రైలు డ్రైవరుగా చేసినన్నాళ్ళూ ఆయన సర్వీసు మీద ఒక్క మచ్చ లేదు. సంతోషమే. ఆ మచ్చలన్నీ వచ్చి మా అత్తగారి చీర మీద ఎలా పడ్డాయో చెప్పడానికే ఇదంతా.

మాది విజయనగరం వైపు. పెళ్ళయి రైల్వే కాలనీలో అడుగుపెట్టేసరికి నా దగ్గర ఉన్నది ఎనిమిదో తరగతి చదువు, నాలుగు ముక్కల హిందీ. కాలనీలో ఆడవాళ్ళ సంఘం ఒకటి స్టేషను అవతల చిన్నపిల్లల బడి నడిపేది. అందులో టీచరు కావాలంటే మెట్రిక్ ప్యాసవ్వాలి. నా పిల్లలు పెద్ద బడికి వెళ్ళడం మొదలెట్టాక ఆ టీచరు కుర్చీ మీద నాకు మనసు పడింది. ఏదో కాలక్షేపానికి కాదు, పిచ్చిగా పడింది. రాత్రి అన్నాలు వడ్డిస్తూ కూడా ఆ కుర్చీలో కూర్చుని ఎవర్నో కసురుతున్నట్టే ఊహించుకునేదాన్ని. ప్రైవేటుగా పరీక్షకు కట్టాను. హిందీతో సహా అన్నీ గట్టెక్కాయి, లెక్కలు మాత్రం తన్నేశాయి.

"సర్లే, ఇంకొక్కసారి రాసుకో," అన్నారు మా అత్తగారు. "ఈసారీ పోయిందంటే ఆ పుస్తకాలు అటక మీద ఎట్టెయ్యి. ఎదిగిన పిల్లల తల్లివి, నలుగురూ నవ్వుతారు."

ఆవిడ మాట అంటే మా ఇంట్లో అది హైకోర్టు తీర్పు. కాబట్టి నాకు మిగిలింది ఒక్క లెక్కల పరీక్ష, ఒక్కసారి.

లెక్కలు చెప్పడానికి శంకర్ నగర్‌లో ఒక టీచరమ్మ దొరికింది. రిటైరైన మనిషి, కచ్చితం గల మనిషి. కాలనీ నుంచి అక్కడికి చాలా దూరం. రిక్షాలో వెళ్తానంటే మా ఆయనకు నామోషీ. "ఇంజన్ డ్రైవరు పెళ్ళానివి, రిక్షా తొక్కించుకుని వెళ్తావా?" అన్నారు. సరిగ్గా అప్పుడే ఆయన స్నేహితుడొకాయన బదిలీ మీద వెళ్ళిపోతూ తన పాత మోటారు సైకిల్ మాకు అంటగట్టాడు. డ్యూటీ లేని సాయంత్రాలు నన్ను దాని మీద ట్యూషనుకు దింపుతానన్నారు. నేను మురిసిపోయాను. పాపం, తెలియక.

ఆ బండికి ముందు లైటు డిప్ప మీద చిన్న ఎర్రదీపం ఒకటి ఉండేది. తాళం తిప్పితే వెలుగుతుంది, ఇంజన్ అందుకోగానే ఆరిపోతుంది. నడుస్తుండగా వెలిగిందంటే బ్యాటరీకి కరెంటు అందడం లేదని అర్థం. లోకంలో ఎవరికైనా అలా వెలిగితే ఏం చేస్తారు? ఇంటికి పోయి రేపు చూపించుకుందాం అనుకుంటారు. మా ఆయన అలా కాదు. ఎరుపు కనబడితే బండి ఆపాలి. అంతే.

మొదటిరోజే కాలనీ దాటామో లేదో దీపం వెలిగింది. "రెడ్!" అని అరిచి రోడ్డు వారగా బండి ఆపేశారు. ఆపి, పొడుగ్గా హారన్ కొట్టారు.

"హారన్ ఎవరికండీ?" అన్నాను.

"సిగ్నల్ దగ్గర ఆగితే కూత వెయ్యాలి. రూలు," అన్నారు. "దిగు."

నేను దిగాను. దీపం ఆరిపోయింది. ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా? ఆగితే సిగ్నల్ పడుతుంది, దారి దొరుకుతుంది. ఓపిక ఉండాలి."

ఎక్కాను. కొంత దూరం పోయాక మళ్ళీ రెడ్. మళ్ళీ హారన్, మళ్ళీ దిగడం, మళ్ళీ ఆరిపోవడం. రోడ్డు మీద పోయే సైకిళ్ళవాళ్ళు ఈ మొగుడూ పెళ్ళాలకు ఏ దెబ్బలాట వచ్చిందో అని ఆగి చూసేవారు. ఒక పెద్దాయన దిగొచ్చి, "జానే దో బేటా, ఘర్ లే జావ్," అని, కోపం వదిలేసి పెళ్ళాన్ని ఇంటికి తీసుకుపొమ్మని మా ఆయనకు బుద్ధి కూడా చెప్పాడు. ఆయనకు రైల్వే రూళ్ళు ఏం తెలుసు, పిచ్చి మహరాజు!

ఇది చాలదన్నట్టు ఇంకొకటి. ఇంజన్లో డ్రైవరు సిగ్నల్ చూసి గట్టిగా పైకి చెప్పాలట, పక్కనున్న అసిస్టెంటు దాన్ని తిరిగి చెప్పాలట, ఇద్దరూ చూశారని నమ్మకం కోసం. బండి మీద అసిస్టెంటును నేనే. "గేటు ఓపెన్!" అని ఆయన అంటే నేను "గేటు ఓపెన్!" అనాలి. "ముందు గాడిదలు!" అంటే "గాడిదలు!" అనాలి. అనకపోతే బండి నెమ్మది చేసేసేవారు. ఆ గాడిదల్లో ఇంకో రెంటిని కూడా కలుపుకుని నేను గట్టిగా అరిచేదాన్ని.

ఇలా ఆగుతూ ఆగుతూ శంకర్ నగర్ చేరేసరికి టీచరమ్మ సగం పాఠం అయిపోయేది. ఆవిడ దగ్గర ఇంకో నలుగురు ఆడపిల్లలు ఉండేవారు, నా ఒక్కదాని కోసం వెనక్కి వెళ్ళేది కాదు. "ఆధా తో నికల్ గయా," సగం అయిపోయిందని బల్ల మీద సుద్దముక్కతో తట్టేది. దాంతో నాకు ప్రతి లెక్కా రెండో సగమే వచ్చేది. చక్రవడ్డీ చివర్న ఏం తీసెయ్యాలో తెలుసు, అసలు అక్కడిదాకా ఎలా రావాలో తెలియదు. నీళ్ళ తొట్టి ఎప్పుడు నిండుతుందో చెప్పగలను, పంపులు ఎవరు తిప్పారో అడక్కూడదు. ఇంటికొచ్చి ఏడుపు వచ్చేది. ఒక్కసారే అవకాశం ఉన్నదానికి ఈ బండి దాపురించింది ఏమిట్రా భగవంతుడా అనిపించేది.

చివరికి మా ఆయన విచారణ మొదలెట్టారు. రైల్వేలో ఏం జరిగినా విచారణ ఉంటుంది కదా. ముందు ఒక్కరే బండి తీసుకుని తెలీబంధా చెరువు దాకా వెళ్ళొచ్చారు. దీపం వెలగలేదు. పక్క క్వార్టరులో ఉండే అసిస్టెంటు డ్రైవర్ని వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళారు. ఆ మనిషి నాకు ఒకటిన్నర ఉంటాడు. వెలగలేదు. అప్పుడు రేషను బియ్యం మూట వెనక సీటుకు కట్టి కాలనీ అంతా ఊరేగించారు. మూట హాయిగా తిరిగొచ్చింది. ఇక మిగిలింది నేను. నన్ను ఎక్కించుకుని సందు మలుపు తిరిగారో లేదో రెడ్!

అందరూ శాకాహారులే, గంపలో రొయ్యలు మాత్రం మాయం. అసిస్టెంటు డ్రైవరు నవ్వు ఆపుకోలేకపోయాడు. "వదినగారూ, బండికి మీరంటే భయమండీ," అన్నాడు. సాయంత్రానికల్లా కుళాయి దగ్గర ఆడవాళ్ళకు తెలిసిపోయింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. నా ఏడుపూ అదే. నేనేమైనా బియ్యం మూట కంటే బరువా? మూటకు లేని రోగం నాకెక్కడిది?

మా అత్తగారికి ఏ అనుమానమూ లేదు. "దిష్టి. చదువుకోడానికి ఎల్తన్నావని ఎవరో ఏడుస్తన్నారు," అని తేల్చేశారు. హ్యాండిల్‌కు మిరపకాయలు, నిమ్మకాయ కట్టారు. చక్రం కింద ఇంకో నిమ్మకాయ పెట్టి తొక్కించారు. దీపం దాని దారిన అది వెలిగింది. మిరపకాయలు గాలికి ఎగిరి మా ఆయన మొహానికి తగిలేవి, అంతే తేడా.

అప్పుడు గుఢియారీలో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళారు. దుకాణం ముందు బండి స్టాండు వేసి స్టార్టు చేసి, నన్ను ఎక్కి కూర్చోమన్నాడు అతను. వీధిలో జనమంతా చూస్తుండగా నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. దీపం వెలగదే! "ఊగండి బహన్‌జీ," అన్నాడు. ఊగాను. నా పరువంతా ఊగింది, దీపం మాత్రం వెలగలేదు.

"కుఛ్ నహీ హై సాబ్. చాహో తో బల్బే నికాల్ దూఁ?" అన్నాడు మెకానిక్. బల్బే పీకేస్తే పీడా పోతుంది కదా అని అతని ఉద్దేశం. నాకూ నచ్చింది.

మా ఆయన ఒక్క అడుగు వెనక్కి వేశారు. "సిగ్నల్లో దీపం పీకేస్తావా? దీపం లేని సిగ్నల్‌ను ఎర్ర సిగ్నలుగానే లెక్కగట్టాలి, తెలుసా?" అని హిందీలో పెద్ద ఉపన్యాసం ఇచ్చారు. ఆ లెక్కన బల్బు తీసేస్తే మా బండి ఇక ఎప్పటికీ కదలదన్నమాట. మెకానిక్ నావైపు చూశాడు. ఆ చూపులో ఉన్న జాలి నేను ఇవాళ్టికీ మరిచిపోలేదు.

ఈలోపల ఇంట్లో ఇంకో గొడవ నడుస్తోంది. మా అత్తగారు శుభ్రం అంటే ప్రాణం పెట్టే మనిషి. వంటింటి తలుపు మీద నాలుగు వేళ్ళ నల్లటి ముద్ర. పసుపు డబ్బా మీద నల్లటి ముద్ర. నా లెక్కల పుస్తకం అట్ట మీద సరేసరి. "ఈ మసి ఎక్కడిదే? కుంపటి ముట్టుకుని చెయ్యి కడగవేటి?" అని రోజూ సణుగుడే. కుంపటిదే కాబోలు అని నేనూ అనుకుని చెయ్యి కడుక్కునేదాన్ని.

పరీక్ష ముందురోజు హోలీ. సాయంత్రం రంగులాట సద్దుమణిగాక టీచరమ్మకు దణ్ణం పెట్టి రమ్మని మా అత్తగారే పంపారు. మామూలే, దార్లో రెడ్లు, హారన్లు. ఇంటికొచ్చేసరికి చీకటి పడబోతోంది. గబగబా దండెం మీద బట్టలు తీస్తున్నాను. వెనక నుంచి కేక.

"ఓలమ్మో! నా చీర!"

మల్లెపువ్వులా ఉతికి ఆరేసుకున్న ఆవిడ తెల్లచీర మీద నాలుగు వేళ్ళ నల్లముద్ర.

"హోలీ రంగేమో అత్తా," అన్నాను నసుగుతూ.

"హోలీకి నల్లరంగు ఏ గాడిదైనా పూస్తాదేటే? ఇవాళ కుంపటి కూడా ఎలిగించలేదు. ఏదీ, చెయ్యి సూపించు."

చూపించాను. కుడిచేతి నాలుగు వేళ్ళ కొసలూ నల్లగా జిడ్డు ఓడుతున్నాయి. ఆవిడ నా వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "ఇది మసి కాదు, బండి జిడ్డు. బండి మీద చెయ్యి ఎక్కడెట్టి కూకుంటావే?"

"సీటు కింద. లోపల ఏదో గట్టిగా తాడులా తగుల్తుంది. అది పట్టుకుంటాను."

అక్కడే బండి తుడుస్తున్న మా ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. వంగి సీటు కింద చూశారు. తాడూ లేదు, గీడూ లేదు. అది కరెంటు తీగ. బండి కదలగానే పడిపోతానేమోనన్న భయంతో నేను దాన్ని పట్టుకుని లాగుతున్నాను. లాగినప్పుడు దాని కొస వదులై దీపం వెలుగుతోంది. దిగితే వదిలేస్తాను, దీపం ఆరిపోతుంది. మగవాడు అటో కాలు ఇటో కాలు వేసుకుని కూర్చుంటాడు, వాడికి పట్టు అక్కర్లేదు. బియ్యం మూటకు భయం లేదు. మెకానిక్ దగ్గర బండి కదల్లేదు కాబట్టి నాకూ భయం లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టాం, ఆ ఎలుకను నేనే!

"ఎంత పని చేశావే!" అన్నారు మా ఆయన.

మా అత్తగారు మాత్రం నన్నే చూస్తున్నారు. "ఎదురుగుండా నీ మొగుడి భుజం ఉంది కదేటి? అది పట్టుకోక ఆ జిడ్డులో చెయ్యెందుకు ఎట్టావు?"

నేను మళ్ళీ దండెం మీది బట్టలు తియ్యడంలో పడ్డాను. ఆవిడ మళ్ళీ అడిగారు. అప్పుడు నోరు జారింది. "మీరు గుమ్మంలో నిలబడి చూస్తుంటారు కదా అత్తా."

మా కాలనీ తెలుగువాళ్ళలో నలుగురి ముందు మొగుణ్ణి ముట్టుకున్న ఆడదాన్ని నేను అప్పటికి చూడలేదు. రైలెక్కేటప్పుడు కూడా మొగుడు ఒక తలుపు, పెళ్ళాం ఒక తలుపు. అందులోనూ అత్తగారు సాగనంపుతుంటే భుజం మీద చెయ్యా? సందు దాటాక వేసుకుందామన్నా అక్కడ కుళాయి, కుళాయి దాటితే గేటు, గేటు దాటితే బజారు. చెయ్యి వెయ్యడానికి రాయ్‌పూర్ మొత్తం మీద ఒక్క చోటు లేదు నాకు. అదంతా ఆవిడకు చెప్పలేదు. చెప్పకపోయినా ఆవిడకు అర్థమైంది. చీర తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఇక పడుకునేదాకా నాతో పలకలేదు. కోపం వచ్చిందనుకుని నాకు ముద్ద దిగలేదు.

తీగ బిగించాలంటే గుఢియారీలో దుకాణాలన్నీ హోలీకి మూసి ఉన్నాయి. "మీరే కాస్త బిగించండి," అన్నాను. "డ్రైవరు నడపాలి, ఫిట్టరు బిగించాలి. ఒకళ్ళ పని ఒకళ్ళు ముట్టుకోకూడదు," అన్నారు మా ఆయన. రేపు నా పరీక్ష, ఆయనకేమో డిపార్టుమెంట్లు! "పొద్దున్న అక్కడ చెయ్యి పెట్టకు," అని మాత్రం చెప్పారు. "మరెక్కడ పెట్టను?" అన్నాను. ఆయన అప్పటికే తుడిచేసిన అద్దాన్ని మళ్ళీ తుడవడం మొదలెట్టారు.

తెల్లారింది. పరీక్ష కూడా శంకర్ నగర్ వైపే. గంట కొట్టాక అరగంట దాటితే లోపలికి రానివ్వరు. మా అత్తగారు పెరుగూ పంచదారా నా నోట్లో పెట్టి ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడ్డారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళంతా నిన్నటి రంగులు వదలని మొహాలతో బిందెలు పట్టుకుని చూస్తున్నారు. నేను ఎడమచేత్తో సంచీ పట్టుకుని, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎక్కాను. బండి ఒక్క కుదుపు కుదిపింది. నా చెయ్యి నా మాట విందా! పోయి సీటు కింద తీగ పట్టేసుకుంది.

"రెడ్!" ఆగారు. హారన్ కొట్టారు.

దిగాను, ఎక్కాను. ఈసారి ఇంటి ముందు నుంచి కుళాయి దాకా వెళ్ళాం. ఒళ్ళు తూలింది, చెయ్యి పోయింది. రెడ్. హారన్. కుళాయి దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

"ఈ ఒక్కరోజు దాటెయ్యండి, మీకు పుణ్యముంటుంది," అన్నాను.

ఆయన నావైపు చూశారు, దీపం వైపు చూశారు. పాపం, ఆయన మొహాన చెమట్లు. దాటాలనే ఉంది ఆ మనిషికి. కానీ హ్యాండిల్ మీద చెయ్యి కదలడం లేదు. అన్నేళ్ళ అలవాటు, దాన్ని తిట్టడానికి కూడా నాకు నోరు రాలేదు. కుర్చీ పోయింది, లెక్కలు పోయాయి, పుస్తకాలు అటకెక్కుతాయి అనుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు మా అత్తగారు గుమ్మం దిగి చరచరా వచ్చేశారు. తిడతారనుకున్నాను. నా వంక చూడనే లేదు. కుళాయి వైపు తిరిగి నడుం మీద చెయ్యి వేసుకున్నారు.

"ఏటి సూస్తన్నారు? ఇదేమైనా సర్కసా? అటు తిరగండి! ఏయ్, తుమ్ భీ! సబ్ ఉధర్ దేఖో!"

తెలుగువాళ్ళూ, ఛత్తీస్‌గఢీ వాళ్ళూ, బిందెలతో సహా అందరూ అటు తిరిగారు. ఎవరైనా తిరగలేదేమో ఒకసారి చూసుకుని, ఆవిడ కూడా మాకు వీపు పెట్టి గోడకేసి నిలబడ్డారు.

"నేను సూడట్లేదు," అన్నారు గోడతో. "నా కొడుకు భుజం ఏటి అరిగిపోదు. పట్టుకుని ఎల్లు."

నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. చొక్కా కింద ఆ భుజం కర్రలా బిగుసుకుపోయింది. పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక, వెలుగులో ఆయన్ని ముట్టుకోవడం అదే మొదలు. ఆయన వెనక్కి తిరక్కుండానే, "గట్టిగానే పట్టుకో," అన్నారు.

దీపం వెలగలేదు. కాలనీ గేటు దగ్గరా వెలగలేదు, బజార్లో గుంటల్లోనూ వెలగలేదు. "గేటు ఓపెన్!" అని ఆయన అరిస్తే నేను ఆయన చెవిలోనే "గేటు ఓపెన్!" అన్నాను. ఆయన ఉలిక్కిపడ్డారు. నాకు నవ్వొచ్చింది. మేం వెళ్ళేసరికి గంట కొట్టేశారు కానీ తలుపులు ఇంకా వెయ్యలేదు. పరిగెత్తుకుంటూ వెళ్ళి కూర్చున్నాను. తెల్లకాగితం మీద ఒక్క నల్లముద్ర కూడా పడలేదు.

ప్యాసయ్యాను, అంచుకు అంచుగా. సగం సగం వచ్చిన లెక్కలకు సగం సగం మార్కులు వేసిన ఆ పుణ్యాత్ములు ఎవరో చల్లగా ఉండాలి. చిన్నపిల్లల బడిలో ఆ కుర్చీ నాకు దొరికింది. కూర్చున్నాక తెలిసింది, దానికి ఒక కాలు పొట్టిదని. అయినా దాన్ని ఎవరికీ ఇవ్వలేదు నేను.

తీగను మెకానిక్ ఆ వారమే చిటికెలో బిగించి పడేశాడు. ఇక నేను ఎక్కడ పట్టుకున్నా దీపం వెలిగేది కాదు. కానీ భుజం మీంచి చెయ్యి తీసెయ్యమని నాకు ఎవరూ చెప్పలేదు, ఆయనా చెప్పలేదు. మా అత్తగారికి కూడా ఇక చాలని ఎవరూ చెప్పలేదు కాబోలు. మేం బండెక్కితే చాలు, అటు తిరిగి నిలబడేవారు. తర్వాత్తర్వాత కాలనీలో కొత్తగా వచ్చిన పిల్లలు మొగుళ్ళ నడుములు చుట్టేసి స్కూటర్ల మీద తిరుగుతున్నా, ఆవిడ మాకు మాత్రం వీపు పెట్టేవారు. చివరికి మంచం పట్టాక కూడా, పొద్దున్నే నేను బడికి బయల్దేరేవేళ వాకిట్లో బండి స్టార్టు చేసిన చప్పుడు వినబడగానే, మెల్లిగా గోడవైపు ఒత్తిగిలి పడుకునేవారు.